మోపెడ్‌కి ఏ ఇన్సూరెన్స్ తీసుకోవాలి? మన దేశపు నిబంధనల ప్రకారం మొదటి నుంచి చివరిదాకా

మోపెడ్ ఇన్సూరెన్స్ అనగానే చాలామంది వేసే లెక్క ఒకటే. "బండే పాతిక వేలు చెయ్యదు, దానికి మళ్లీ ఇన్సూరెన్సా? పోలీసులు ఆపితే చూపించడానికి ఏదో ఒకటి కట్టేద్దాం." ఈ లెక్కలో బీమాని బండి విలువతో కొలుస్తున్నారు, తప్పు అక్కడే ఉంది. పాతిక వేల బండి తగిలినా మనిషి కాలు విరుగుతుంది. ఆ మనిషి ఆస్పత్రి ఖర్చు, పోయిన సంపాదన ఎవరివ్వాలో ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టు) తేల్చేటప్పుడు అది మోపెడా, లక్షల బైకా అని చూడదు. అందుకే ఈ గైడ్‌లో వరస తిప్పాను: ముందు ఎదుటివాళ్లు, తర్వాత నడిపేవాళ్లూ వెనక కూర్చునేవాళ్లూ, ఆఖర్న బండి.

మొదటి పని: ఆర్సీ ముందు పెట్టుకోండి

పాలసీలు చూసే ముందు ఆర్సీలో నాలుగు సంగతులు చూడాలి: ఇంజిన్ సీసీ, రిజిస్ట్రేషన్ తేదీ, ఓనర్ పేరు, ఫైనాన్స్ కంపెనీ పేరు (హైపోథికేషన్) ఉందా లేదా.

థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి బీమా. దాని ప్రీమియం కంపెనీని బట్టి మారదు. ప్రభుత్వం ఖరారు చేసిన రేటే ఎక్కడైనా. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టికలో 75 సీసీ దాకా ఏడాదికి రూ.538, 75 దాటి 150 సీసీ దాకా రూ.714. వీటి మీద జీఎస్టీ అదనం. పాత టీవీఎస్ ఎక్స్‌ఎల్ సూపర్ 70 సీసీ లోపు బండి కాబట్టి మొదటి వరసలోకి వస్తుంది. ఎక్స్‌ఎల్ 100 ఇంజిన్ 99.7 సీసీ, అది రెండో వరస. రెండూ చూడటానికి ఒకలాగే ఉంటాయి కనక ఫారంలో మోడల్ తప్పు పడటం మామూలే. కరెంటు మోపెడ్‌కి సీసీ ఉండదు, మోటారు పవర్ చూస్తారు. 3 కిలోవాట్లు మించకపోతే అదే పట్టికలో రూ.457.

అసలు ఇన్సూరెన్స్ అక్కర్లేని బండ్లు కూడా కొన్ని ఉన్నాయి. మోటారు 250 వాట్లు మించకుండా, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా, నిబంధనల్లో చెప్పిన బరువు పరిమితిలో ఉన్న ఎలక్ట్రిక్ బండి చట్టం దృష్టిలో మోటారు వాహనమే కాదు. రిజిస్ట్రేషన్, లైసెన్స్, బీమా ఏవీ అడగరు. కానీ "లో స్పీడ్" అని అమ్మిన బండి రోడ్డు మీద నలభై అందుకుంటోందంటే అది ఆ మినహాయింపులో లేనట్టే. షాపువాడి మాట నమ్మి ఊరుకోకండి, ఆ మోడల్‌కి ఆమోద పత్రం చూపించమనండి. ప్రమాదం జరిగాక ఈ సంగతి తెలిస్తే నష్టం మొత్తం మీ జేబులోంచే పోతుంది.

మామూలు మోపెడ్‌కి మాత్రం మోటారు వాహనాల చట్టం 1988, 146వ సెక్షన్ ప్రకారం కనీసం థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలి. లేకుండా దొరికితే 196వ సెక్షన్ కింద మొదటిసారి రూ.2,000 జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. రెండోసారి జరిమానా రూ.4,000.

రెండో పని: బండి నడిపేదెవరు, వెనక కూర్చునేదెవరు, దాని మీద వెళ్లేదేంటి

ఒక కాగితం మీద ఈ మూడు ప్రశ్నలకీ నిజం రాసుకోండి. పాలసీ ఎంపిక ముప్పాతిక వంతు ఇక్కడే తేలిపోతుంది.

నడిపేదెవరు? మోపెడ్ సాధారణంగా ఇంటిల్లిపాదిదీ. ఆర్సీ నాన్న పేరున ఉంటుంది, పొద్దున అమ్మ తీసుకెళ్తుంది, సాయంత్రం కొడుకు. లైసెన్స్ ఉన్నవాళ్లు ఓనర్ అనుమతితో ఎవరు నడిపినా థర్డ్ పార్టీ కవర్ పనిచేస్తుంది. చిక్కు పిల్లల దగ్గర వస్తుంది. పదహారేళ్లకే లైసెన్స్ ఇచ్చేది గేర్లు లేని, 50 సీసీ మించని బండికి మాత్రమే. ఎక్స్‌ఎల్ 100 ఆ గీత దాటేసింది, పద్దెనిమిది నిండాలి. "మోపెడే కదా" అని ఇంటర్ చదివే పిల్లాడికి తాళం ఇస్తే, ప్రమాదం జరిగినప్పుడు కంపెనీ బాధితుడికి చెల్లించి ఆ డబ్బు మళ్లీ మీ దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ చెప్పొచ్చు. 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకో ఓనరుకో రూ.25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండికి ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు.

దాని మీద వెళ్లేదేంటి? మోపెడ్ విషయంలో మిగతా టూవీలర్ల కన్నా ఇది పెద్ద ప్రశ్న. పాల క్యాన్లు, గ్యాస్ బండలు, కూరగాయల బుట్టలు, ఎరువుల బస్తాలు మోసే బండి ఇది. టూవీలర్ పాలసీ షెడ్యూల్‌లో "వాడకం పరిమితులు" అని చిన్న అక్షరాల్లో ఒక పేరా ఉంటుంది. కిరాయికి తిప్పడం, శాంపిళ్లూ సొంత లగేజీ కాకుండా వేరే సరుకు మోయడం కవర్‌లో లేవని అందులో రాసి ఉంటుంది. పాల వ్యాపారం చేస్తూ "సొంత అవసరాలకి" అని టిక్ పెట్టారనుకోండి, క్లెయిమ్ వచ్చిన రోజున సర్వేయర్ (నష్టం చూడటానికి కంపెనీ పంపే మనిషి) ముందు చూసేది బండికి వెల్డింగ్ చేయించిన క్యారియర్నే. సరుకు మోస్తున్నారంటే ఆ మాట ప్రపోజల్‌లోనే చెప్పండి, అలాంటి వాడకానికి కవర్ ఇస్తారా అని కంపెనీని ఈమెయిల్‌లో అడగండి. ఏజెంట్ నోటి మాటగా "ఏం పర్లేదండీ" అంటే అది కాగితం మీద లేనట్టే. డెలివరీ పని చేసేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి: డెలివరీ కంపెనీ ఇచ్చే ప్రమాద బీమా మీకు వర్తిస్తుందేమో గానీ, మీ బండికి, మీరు గుద్దినవాళ్లకి వర్తించదు.

వెనక కూర్చునేదెవరు అన్నదానికి తర్వాతి అడుగంతా కావాలి.

మూడో పని: థర్డ్ పార్టీ చాలా, ప్యాకేజీ కావాలా

మార్కెట్లో మూడు రకాలున్నాయి. ఒకటి, లయబిలిటీ ఓన్లీ, జనం థర్డ్ పార్టీ అనేది. రెండోది ప్యాకేజీ, అంటే కాంప్రహెన్సివ్: థర్డ్ పార్టీతో పాటు మీ బండికి జరిగే నష్టం, దొంగతనం, అగ్ని ప్రమాదం, వరద. మూడోది స్టాండలోన్ ఓన్ డ్యామేజ్: థర్డ్ పార్టీ ఇప్పటికే ఉన్నవాళ్లకి బండి నష్టం మాత్రమే.

మొదటి రెండింటి తేడా "మన బండికి డబ్బొస్తుందా రాదా" అన్నదే అని అందరూ అనుకుంటారు. అంతకన్నా పెద్ద తేడా ఇంకోటుంది, ఏజెంట్లు ఎత్తని మాట. మీ వెనక కూర్చున్న మనిషి థర్డ్ పార్టీ కాదు. కాదంటే, చట్టం తప్పనిసరి చేసిన లయబిలిటీ ఓన్లీ పాలసీలో, ఊరికే ఎక్కించుకెళ్తున్న పిలియన్ రైడర్‌కి రక్షణ లేదని సుప్రీంకోర్టు 2006లోనూ 2008లోనూ తీర్పులిచ్చింది. ప్యాకేజీ పాలసీ అయితే వెనక కూర్చున్నవాళ్ల బాధ్యత కూడా అందులో ఉంటుందని 2009లో బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకి సర్క్యులర్ పంపి స్పష్టం చేసింది.

ఇది ఇంటికి అన్వయించుకుని చూడండి. మీరు నడుపుతున్నారు, వెనక మీ ఆవిడ. గుంట తప్పించబోయి మీరే పడిపోయారు, ఎదుటి బండి లేదు. ఆవిడకి తలకి దెబ్బ. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే ఆ పాలసీ నుంచి ఆవిడకి వచ్చేది సాధారణంగా సున్నా. కాబట్టి నా లెక్కలో ప్యాకేజీ తీసుకోవాలా వద్దా అన్నది బండి వయసుని బట్టి కాదు, వెనక సీటు ఖాళీగా ఉంటుందా లేదా అన్నదాన్ని బట్టి తేలాలి. ఒక్కరే తిరిగే పాత బండికి థర్డ్ పార్టీ చాలు. రోజూ ఇద్దరు వెళ్లే బండికి, అది ఎంత పాతదైనా, దొరికితే ప్యాకేజీయే. బండి విలువ తక్కువ కాబట్టి అదనపు ప్రీమియం కూడా తక్కువే అవుతుంది.

థర్డ్ పార్టీలో ప్రాణ నష్టానికి, గాయాలకి ట్రిబ్యునల్ ఎంత తేలిస్తే అంత కంపెనీ కట్టాలి. ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి మాత్రం టూవీలర్ పాలసీల్లో మామూలుగా లక్ష రూపాయల హద్దు రాసి ఉంటుంది. కొద్దిపాటి ప్రీమియం తగ్గుతుందని దాన్ని రూ.6,000కి దించుకునే వీలు కొన్ని పాలసీల్లో ఉంది. దించకండి. ఈ రోజుల్లో కారు హెడ్‌లైట్ ఒక్కటి పగిలినా ఆ ఆరు వేలు చాలవు.

కొత్త బండి కొన్నవాళ్లకి ఒక ఉచ్చు

సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త టూవీలర్‌కి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి తీసుకోవాలి. అదే 2022 పట్టికలో దీనికి 75 సీసీ దాకా రూ.2,901, 150 సీసీ దాకా రూ.3,851, జీఎస్టీ కాకుండా. షోరూంలో ఎక్కువగా ఇచ్చేది "1+5" పాలసీ: బండి నష్టానికి ఒక ఏడాది, థర్డ్ పార్టీకి ఐదేళ్లు. కాగితం మీద ఐదేళ్ల తేదీ పెద్దగా కనిపిస్తుంది. "ఇంకా నాలుగేళ్లుంది" అని ఆ కవర్ని బీరువాలో పెట్టేస్తారు. రెండో ఏట బండి దొంగతనానికి పోయినప్పుడు గానీ తెలియదు, ఓన్ డ్యామేజ్ భాగం ఎప్పుడో అయిపోయిందని. మా బంధువుల ఇంట్లో సరిగ్గా ఇలాగే జరిగింది. పోయిన బండికి పైసా రాలేదు, ఐదేళ్ల పాలసీ కాగితం మాత్రం ఇంకా ఉంది. రెండు ముగింపు తేదీలనీ విడివిడిగా ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. రెండో ఏడు తీసుకోవాల్సింది స్టాండలోన్ ఓన్ డ్యామేజ్, దాన్ని అదే కంపెనీ దగ్గరే కొనాలని లేదు. ఆ మాటకొస్తే మొదటి పాలసీని కూడా షోరూంలోనే కొనాలనేం లేదు.

నాలుగో పని: మీ ఒంటికి కవర్

మీరు గుద్దితే ఎదుటివాళ్లకి వస్తుంది. మరి మీకు? దీని కోసమే ఓనర్-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్, రూ.15 లక్షలది. చనిపోతే, లేదా రెండు చేతులో కాళ్లో కళ్లో పోతే మొత్తం. ఒక చెయ్యో కాలో కన్నో పోతే సగం. ఆస్పత్రి బిల్లులు ఇందులో రావు, వాటికి ఆరోగ్య బీమా వేరే.

పేరు జాగ్రత్తగా చదవండి: ఓనర్-డ్రైవర్. ఆర్సీలో పేరున్న మనిషి, చెల్లుబాటయ్యే లైసెన్స్‌తో నడుపుతున్నప్పుడు మాత్రమే. నాన్న పేరున ఉన్న బండిని కొడుకు నడుపుతూ చనిపోతే ఆ 15 లక్షలు రావు. ఓనర్ అనుమతితో నడిపేవాడు ఓనర్ స్థానంలో ఉన్నట్టే అని కోర్టులంటాయి కాబట్టి, తప్పు తనదే అయినప్పుడు థర్డ్ పార్టీ కింద అడగడానికీ ఉండదు. పరిష్కారం రెండు రకాలు. బండి ఎక్కువగా వాడే మనిషి పేరుకి ఆర్సీ మార్పించడం ఒకటి. ఆ మనిషికి విడిగా ప్రమాద బీమా తీసుకోవడం ఇంకోటి.

విడి పాలసీతో లాభం ఏంటంటే, అది బండికి కాకుండా మనిషికి అంటుకుని ఉంటుంది. ఎవరి బండి మీద ఉన్నా, బస్సులో ఉన్నా పనిచేస్తుంది. ఇప్పటికే రూ.15 లక్షలకి తగ్గని ప్రమాద బీమా ఉన్నవాళ్లకి బండితో పాటు మళ్లీ కొనాల్సిన పని లేదు. ఇంట్లో రెండు బండ్లు ఒకే పేరున ఉంటే రెండో దానికి ఇంకోసారి కట్టక్కర్లేదు. ఆ డిక్లరేషన్ పెట్టె ఆన్‌లైన్ ఫారంలోనే ఉంటుంది, జనం చూడకుండా దాటేస్తారు.

వెనక కూర్చునేవాళ్లకి పాలసీలో లక్ష దాకా యాడ్-ఆన్ (అదనంగా కొనుక్కునే కవర్) దొరుకుతుంది. అది తీసుకున్నా తీసుకోకపోయినా బ్యాంకు ఖాతా ఉన్న ప్రతి ఒక్కరికీ ప్రధానమంత్రి సురక్ష బీమా యోజన చేయించండి. ఏడాదికి రూ.20, పద్దెనిమిది నుంచి డెబ్భై ఏళ్ల వాళ్లకి, ప్రమాదంలో పోతే రూ.2 లక్షలు.

ఐదో పని: ఐడీవీ లెక్క

ఇక బండి. ఐడీవీ అంటే దొంగ ఎత్తుకెళ్లినా, బాగుచెయ్యలేనంత పాడైనా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. తయారీదారు ప్రకటించిన ధరలోంచి వయసుని బట్టి తరుగుదల తీస్తారు: ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50. ఐదేళ్లు దాటాక మీరూ కంపెనీ మాట్లాడుకున్నంత. కోట్‌లో ఐడీవీని కిందకి జరిపితే ప్రీమియం తగ్గుతుంది, అందుకే చవకగా కనిపించే కోట్‌లో ముందు చూడాల్సింది ఆ అంకెనే. మోపెడ్‌కి ఇలా మిగిలేది చాలాసార్లు వంద రూపాయలు కూడా ఉండదు, బండి పోయినప్పుడు తగ్గేది మాత్రం వేలల్లో ఉంటుంది.

రిపేరు క్లెయిమ్‌లో ఎంత చేతికొస్తుందో ఒక ఊహా లెక్క చూద్దాం. మూడున్నరేళ్ల బండి. ప్లాస్టిక్ భాగాలు రూ.1,200, ఇనుప భాగాలు రూ.2,000, కూలి రూ.600, మొత్తం రూ.3,800. రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీ ఏ వయసులోనైనా సగమే ఇస్తారు, అంటే రూ.600. ఇనుముకి ఈ వయసులో 25 శాతం కోత, రూ.1,500. కూలి పూర్తిగా, రూ.600. అందులోంచి తప్పనిసరి మినహాయింపు రూ.100 పోతే చేతికి రూ.2,600.

ఇప్పుడు పోయేది చూడండి. నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), అంటే క్లెయిమ్ చెయ్యని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, వరసగా 20, 25, 35, 45, 50 శాతానికి పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్‌తో సున్నా అవుతుంది. ఈ బండి 35 దగ్గరుంది, వచ్చే ఏడు 45 రావాలి. ఓన్ డ్యామేజ్ ప్రీమియం రూ.600 అనుకుంటే, మళ్లీ 50కి చేరేదాకా ఏటా పోయే తేడాలు 45, 30, 25, 15, 5. కలిపితే 120 శాతం, రూ.720. కాబట్టి పై క్లెయిమ్ చేసుకోవచ్చు. అదే ఒక్క ప్లాస్టిక్ ప్యానెల్ పగిలి రూ.800 బిల్లయితే చేతికొచ్చేది రూ.300, దానికోసం రూ.720 వదులుకోవడం దండగ. అన్నట్టు, ఈ బోనస్ ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే, థర్డ్ పార్టీ మీద ఉండదు.

దొంగతనం విషయంలో టూవీలర్లకి ఒక ప్రత్యేక మినహాయింపు ఉంది: బండి మొత్తంగా పోకుండా యాక్సెసరీలు మాత్రం పోతే డబ్బు రాదు. సైడ్ బాక్స్ విప్పుకెళ్లారు, బండి అక్కడే ఉంది అంటే కంపెనీ చెయ్యగలిగిందేమీ లేదు.

ఆరో పని: యాడ్-ఆన్‌లు

పెట్రోల్ మోపెడ్‌కి నేను దాదాపు ఏదీ సిఫారసు చెయ్యను. జీరో డిప్రిసియేషన్ (భాగాలకి తరుగుదల కోత లేకుండా ఇచ్చే కవర్) ప్లాస్టిక్ నిండిన స్కూటర్‌కి లాభం, మోపెడ్‌లో పోయే ప్లాస్టిక్ ఎంత? మొదటి రెండేళ్లు, అదీ ప్రీమియం తేడా చాలా తక్కువైతే. రిటర్న్ టు ఇన్వాయిస్, కన్జూమబుల్స్ వదిలెయ్యండి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ మీ దారుల్లోకి వస్తుందో లేదో కనుక్కున్నాకే.

కరెంటు మోపెడ్ సంగతి పూర్తిగా వేరు. దాని ధరలో పెద్ద వాటా బ్యాటరీది, మామూలు పాలసీలో బ్యాటరీకి వచ్చేది సగం. ఇక్కడ జీరో డిప్రిసియేషన్ డబ్బుకి తగ్గ కవర్, కానీ అందులో బ్యాటరీ చేరిందో లేదో వాక్యం చూసి కొనండి. బ్యాటరీ పోర్షన్ మినహాయించిన జీరో డిప్రిసియేషన్ కరెంటు బండికి పనికిరాదు. ఛార్జర్, నీరు చేరడం, షార్ట్ సర్క్యూట్ గురించి కూడా అడగండి. బ్యాటరీ విడిగా అద్దెకి తీసుకున్నదైతే ఐడీవీలో దాని విలువ కలిసిందా లేదా తేల్చుకోవాలి.

ఏడో పని: కొనేటప్పుడు

మూడు కోట్‌లు తెచ్చుకోండి, మూడింటికీ ఐడీవీ, యాడ్-ఆన్‌లు, మినహాయింపు ఒకేలా పెట్టి పోల్చండి. థర్డ్ పార్టీ రేటు అన్నిట్లో ఒకటే కాబట్టి ఓన్ డ్యామేజ్ అంకెనే పక్కపక్కన పెట్టాలి. పాత పాలసీలో క్లెయిమ్ చేసి ఉంటే ఎన్‌సీబీ పెట్టెలో అబద్ధం రాయకండి, కంపెనీలు ఒకరినొకరు అడిగి తెలుసుకుంటాయి, అప్పుడు అసలు క్లెయిమే చిక్కులో పడుతుంది.

పాలసీ రాగానే ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ ఆర్సీతో అక్షరం అక్షరం సరిచూడండి. తర్వాత ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టి చూడండి. వారం పది రోజులు గడిచినా అక్కడ బీమా కనిపించకపోతే కంపెనీకి నేరుగా ఫోన్ చెయ్యాలి. రోడ్డు పక్క టేబుల్ వేసుకుని ఐదు నిమిషాల్లో ప్రింటు తీసిచ్చే పాలసీల్లో నకిలీలు ఉంటాయి, పట్టుకునే తేలిక దారి ఇదే.

సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు

మోపెడ్లు చేతులు మారినంతగా కాగితాలు మారవు. బండి బదిలీ అయితే 157వ సెక్షన్ ప్రకారం పాలసీ కూడా కొత్త ఓనర్‌కి బదిలీ అయినట్టే భావిస్తారు, కానీ పద్నాలుగు రోజుల్లోగా పేరు మార్చమని కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి. పెట్టకపోతే మీ బండి నష్టానికి క్లెయిమ్ అడిగినప్పుడు "మా పాలసీ మీ పేరున లేదు" అంటారు. పాత ఓనర్ ఎన్‌సీబీ మీకు రాదు, అది అతనితోనే పోతుంది. అమ్మేవాళ్లు దీన్నే తిప్పి చదువుకోవాలి: ఆర్సీలో మీ పేరు ఉన్నంతకాలం ప్రమాదం కేసులో నోటీసు మీ ఇంటికే వస్తుంది. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టేసి డబ్బు తీసుకుని వచ్చెయ్యకండి.

రెన్యువల్ తేదీ దాటితే ఆ మధ్య రోజులకి కవర్ ఉండదు. 90 రోజులు దాటితే ఎన్‌సీబీ కూడా పోతుంది.

క్లెయిమ్ రోజు

దెబ్బ తగిలినవాళ్లని ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండి. తర్వాత ఫోటోలు, ఎదుటి బండి నంబర్, కంపెనీకి వెంటనే సమాచారం. ఎదుటివాళ్లకి గాయమైతే పోలీసులకి చెప్పడం తప్పనిసరి, అక్కడికక్కడ రాజీ మాటలు రాసివ్వకండి. సర్వేయర్ చూడకముందు బండి విప్పించొద్దు. వాన నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చెయ్యొద్దు, అలా ఇంజిన్ పాడైతే అది పర్యవసాన నష్టం అని తోసిపుచ్చే అవకాశం ఉంది. తోయించుకుంటూ షెడ్డుకి తీసుకెళ్లండి.

బండి పోతే అదే రోజు ఎఫ్‌ఐఆర్, అదే రోజు కంపెనీకి కబురు, ఆర్టీవోకి కూడా ఒక లేఖ. రెండు తాళాలూ అడుగుతారు. మోపెడ్ రెండో తాళం ఎక్కడుందో చాలా ఇళ్లలో ఎవరికీ తెలియదు, ఈ రోజే వెతికి పాలసీ కాగితంతో పాటు పెట్టండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడిగి, ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. హైదరాబాద్‌లో కార్యాలయం ఉంది. తుది జవాబు వచ్చిన నాటి నుంచి ఏడాది లోపు వెళ్లాలి, కాబట్టి కంపెనీ పంపిన తిరస్కరణ లేఖ మీద అందిన తేదీ వేసి దాచుకోండి.